చెక్కపాదాల గదిలో అయిదుగురు

నిన్న పది ఇరవై రెండుకి సైరన్ మోగింది. ఇక బయటికి రావచ్చని చెప్పే పొడుగు సైరన్ పదకొండూ ఏడుకి మోగింది. ఆ నలభై అయిదు నిమిషాల్లో, బూట్ల దుకాణం నేలమాళిగ మెట్ల మీద ఒక మనిషి ప్రాణం పోయింది. పోయినవాడు ఆ వీధి వార్డెన్. సైరన్ మోగినప్పుడల్లా మెడలో ఈలతో ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కిందకి తోలే అరవై ఏళ్ళ మనిషి. పిల్లలకి ఈల తాత.

కొట్టింది నేనేనని ఆ దుకాణం ముసలాయన, బూట్ల తాత, ఒప్పుకున్నాడు. నాకు నచ్చనిది అదే.

ఇరవై ఆరేళ్ళుగా పోలీసు ఉద్యోగంలో ఉన్నాను. నేరం చేసినవాడు ఒప్పుకునే ముందు మంచినీళ్ళు అడుగుతాడు, ఇంట్లోవాళ్ళని తలుచుకుంటాడు, తక్కువలో తక్కువ రెండు అబద్ధాలాడి చూస్తాడు. ఈయన నేను కింద కాలు పెట్టీ పెట్టకముందే, చేతిలో పని ఆపకుండా, "నేనే కొట్టాను బాబూ. ఇక్కడ ఉక్కగా ఉంటుంది, పైకి పదండి, అక్కడ రాసుకుందురుగాని" అన్నాడు. ఉరితాడు తన చేత్తో తనే మెడకి వేసుకుంటున్న మనిషికి, నన్ను ఆ గదిలోంచి బయటికి పంపాలన్న తొందరెందుకు?

ఇవాళ నాకు ఉన్నది అరగంట. యుద్ధం జరుగుతున్నప్పుడు వార్డెన్ని చంపితే సైనికుణ్ణి చంపినట్టే లెక్క. పదిన్నరకి మిలిటరీ పోలీసు కెప్టెన్ వచ్చి ముసలాయన్ని తీసుకుపోతాడు. వాళ్ళ కోర్టు మూడు రోజులకి మించి సాగదు. నాలుగోరోజు ఈ ఇంట్లో మిగిలేది ఒక కోడలు, పదకొండేళ్ళ మనవరాలు. కొడుకు ముందే పోయాడు. సరిహద్దులో చనిపోయాడని పదకొండు నెలల కింద కాగితం వచ్చింది. ఆ కాగితం అద్దం కట్టించి పైన దుకాణంలో గోడకి పెట్టారు.

కోడలు మూల స్టూలు మీద కూర్చుని బూటు పైతోలు కుడుతోంది. మావగారు హత్య ఒప్పుకుంటుంటే కుట్టు ఒక్కటి కూడా పక్కకి పోలేదు. పిల్ల ఒళ్ళో ఒక నోటుపుస్తకం. బళ్ళు మూసేసే ముందు పంతులమ్మ పిల్లలందరికీ ఒక పని అప్పజెప్పిందట, సైరన్ ఎప్పుడు మోగింది, ఎప్పుడు ఆగింది, మధ్యలో ఏం వినబడింది రాయమని. బాంబుల కింద పిల్లలు ఏడవకుండా ఉండడానికి ఆవిడకి తోచిన ఉపాయం. మిగతా పిల్లలు వారానికే మానేసి ఉంటారు. ఈ పిల్ల మానలేదు.

తాతని అడిగాను, ఎక్కడ కొట్టావని. తల వెనకాల అన్నాడు. దేంతో? బల్ల మీద సుత్తి చూపించాడు. బూట్లవాళ్ళ సుత్తి, ముఖం పెద్ద బొత్తాంలా గుండ్రంగా ఉంది. ఎందుకు? పాత తగువట. ఏం తగువో గుర్తులేదట.

"కొట్టాక ఏం చేశావు?"

"లోపలికొచ్చి తలుపేసుకున్నాను."

శవాన్ని నిన్న నేను చూశాను. దెబ్బ తల వెనకాల లేదు, ఎడమ కణత మీద ఉంది. ఎదురుగా నిలబడి కొట్టింది. గాయం అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది, సుత్తిది కాదు. ఈల పళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. అంటే ఊదబోతుండగా కొట్టారు. జనం వస్తారని భయపడ్డవాడు కొట్టాడు. ఇంకొకటి. ఈ గది తలుపు బయటికి, మెట్ల వైపుకి తెరుచుకుంటుంది. శవం తలుపుకి ఆనుకుని పడి ఉంది. పొడుగు సైరన్ మోగాక తాత, కోడలు ఇద్దరూ కలిసి భుజాలతో నెడితే గానీ తలుపు కదల్లేదు.

"నువ్వు లోపలికొచ్చి తలుపేసుకున్నాక, శవాన్ని ఈడ్చుకొచ్చి తలుపుకి ఆనించింది ఎవరు తాతా?"

ముసలాయన తోలు ముక్కని తడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టాడు. అది ఆలోచించుకోవడానికి చేసే పని అని నాకు తెలుసు. మా నాన్న కూడా అడిగినదానికి జవాబు లేనప్పుడు చుట్ట వెతుక్కునేవాడు.

ఆయన్ని అలా వదిలేసి గది చూశాను. పైన దుకాణం ఈ గోడ నుంచి ఆ గోడకి తొమ్మిది అడుగులు వేశాను. కింద ఏడు అడుగులకే గోడ వచ్చింది. ఆ చివరిగోడ పొడుగునా పైనుంచి కింద దాకా చెక్క అల్మారా. దాని అరల్లో చెక్కపాదాలు.

ఒక్కో గిరాకీకి ఒక్కో జత. మనిషి పాదం ఎలా ఉంటే అలా చెక్కి, దాని మీద తోలు బిగించి బూటు కుడతారు. పాదం మారితే చెక్కపాదం కూడా మారాలి. వేలు వాస్తే అక్కడ తోలు ముక్క అంటిస్తారు, ఆనె కాస్తే ఇంకో ముక్క. ఇదంతా పిల్ల చెప్పింది, నేను అడగకుండానే, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. గిరాకీ చనిపోతే తాత ఆ జతని జిగురు కాచే పొయ్యిలో వేసి కాల్చేస్తాడట. లేని మనిషి పాదాలు ఇంట్లో ఉండకూడదని. యుద్ధం మూడో ఏట ఉంది. అల్మారా సగం ఖాళీ.

పై వరసలో మొదటి జత మీద ఒకటో నంబరు. ఎవరివని అడిగితే పిల్ల తలొంచుకుంది. "నాన్నవి."

"కాల్చబుద్ధి కాలేదు బాబూ" అన్నాడు తాత వెనకనుంచి, కొంచెం తొందరగా.

అది నమ్మాను. కన్నకొడుకు పాదాలు ఎవరు మాత్రం పొయ్యిలో పెట్టగలరు? కానీ కుడిపాదం చేతిలోకి తీసుకుంటే చిటికినవేలు పక్కన ఒక కొత్త తోలు ముక్క కనిపించింది. మిగతా చెక్కంతా పాతబడి నల్లగా ఉంటే అది మాత్రం లేత గోధుమరంగులో ఉంది. బొటనవేలితో నొక్కాను. జిగురు ఇంకా పచ్చిగానే ఉంది.

పదకొండు నెలల కింద పోయినవాడికి మొన్న ఆనె కాసింది.

తలెత్తితే ముగ్గురూ నా బొటనవేలి వైపే చూస్తున్నారు. కోడలి సూది తోలులో సగం దిగి ఆగిపోయింది. తాత తప్పు అక్కడుంది. మనిషిని జాగ్రత్తగా దాచాడు, మాటలు దాచాడు, మెడ కూడా ఇచ్చేశాడు. కొడుకు కాలు ఒరుసుకుంటోందని తెలిశాక మాత్రం చెయ్యి ఆగలేదు. ఇంకెవరైనా అయితే కాలికి పాతగుడ్డ చుట్టేవాళ్ళు.

పాదాన్ని యథాస్థానంలో పెట్టాను, కొత్త ముక్క గోడవైపుకి తిప్పి. చేతులు దులుపుకున్నాను. పలక చూసొస్తానని చెప్పి మెట్లెక్కాను.

ప్రతి నేలమాళిగకీ వీధిలో, మెట్ల మొదట్లో, ఒక పలక వేలాడుతుంది. సైరన్ మోగి జనం దిగాక లోపల ఎంతమంది ఉన్నారో వార్డెన్ లెక్కపెట్టి సుద్దతో అంకె వేస్తాడు. ఇల్లు కూలితే తవ్వేవాళ్ళకి అది ఒక్కటే ఆధారం. అంతమందిని బయటికి తీసేదాకా తవ్వుతారు, తీశాక ఆపుతారు. నిన్న పదకొండూ పదిహేనుకి నేను వచ్చేసరికి ఈ పలక తుడిచేసి ఉంది. అప్పుడే నా పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు ఎండకి ఎత్తి చూస్తే చెక్క చట్రం సందుల్లో పసుపు పొడి కనిపించింది. వార్డెన్ జేబులో ఉన్నవి తెల్ల సుద్దముక్కలు. పసుపుది బూట్లవాళ్ళు తోలు మీద గీతలు గీసుకునేది. మరి చచ్చిపోయిన వార్డెన్ కోటు చేతి అంచుకి కూడా పసుపు అంటి ఉంది. అంటే ఎవరో పసుపు సుద్దతో రాశారు, వార్డెన్ తన చేత్తో తుడిచాడు.

పిల్ల నా వెనకే వచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు నేను. అడిగితే ముడుచుకుపోయే రకం.

"నేనే రాశాను" అంది చివరికి. "ఈల తాత మూడు వేసి వెళ్ళాడు. పెన్సిల్ మర్చిపోయానని అమ్మతో చెప్పి పైకొచ్చి, అది చెరిపి నాలుగు వేశాను."

ఎందుకో కూడా చెప్పింది. పక్కవీధిలో పోయినవారం ఒక ఇల్లు కూలింది. పలక మీద ఆరు ఉంది. ఆరుగుర్ని తీసి తవ్వేవాళ్ళు వెళ్ళిపోయారు. లోపల కత్తులు సానపట్టేవాడు ఒకడు ఉన్నాడు. సైరన్ మోగితే దారినపోతూ దూరినవాడు, లెక్క వేశాక వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇటుకల కింద టకటకమని కొడుతూనే ఉన్నాడట. పిల్లలు విని చెబితే ఎలుకలన్నారట పెద్దవాళ్ళు.

"ఈల తాత నేను రాసింది చెరపడానికే మళ్ళీ వచ్చుంటాడు. నేను రాయకపోతే రాడు కదండీ."

 అయిదో క్లాసులో బడి మానేసిన నాకు పిల్లల్ని ఓదార్చే చదువు ఎవరూ చెప్పలేదు. చంపినవాడు చంపాడు, నువ్వు కాదు అన్నాను. నాలుగోవాడు ఎవరని మాత్రం అడగలేదు. అడిగితే చెబుతుంది, చెబితే నేను రాయాలి. సైన్యంలోంచి పారిపోయి వచ్చినవాణ్ణి గోడకి నిలబెట్టి కాలుస్తారు. ముసలాయన ఉరికి ఎందుకు సిద్ధపడ్డాడో అప్పుడు పూర్తిగా తెలిసింది. హంతకుడి కోసం వెతుకుతూ పోతే ఆ గోడ దాకా వస్తాం. హంతకుడు దొరికిపోతే వెతకడం ఉండదు.

నోటుపుస్తకం అడిగాను. నిన్నటి పేజీలో గుండ్రటి అక్షరాలు. "10.22 మొదలు." దాని కింద, "10.41 పెద్ద చప్పుడు. బాంబు కాదు." దాని కింద ఒక వరస కొట్టేసి ఉంది, కాగితం చిరిగేంత గట్టిగా. అక్కడ ఏం రాశావన్నాను. పిల్ల నోరు తెరిచి, వీధి వైపు చూసి, మూసుకుంది. తొందరపెట్టకూడదనుకున్నాను. అది నేను చేసిన తప్పు.

కెప్టెన్ వస్తున్నాడు. ఆయన మా దగ్గరికి చేరేలోపే సైరన్ అందుకుంది.

నేను పిల్లని ముందు పెట్టుకుని కిందకి దిగాను. వెనక కెప్టెన్. రాతిమెట్ల మీద ఆయన బూట్లు టక్, టిక్, టక్, టిక్ అంటున్నాయి. అద్దంలా మెరిసే బూట్లు. కింద తాత తల పక్కకి వంచి ఆ చప్పుడు విన్నాడు, డాక్టరు దగ్గు విన్నట్టు. తనని ఉరికి తీసుకుపోవడానికి వచ్చిన మనిషితో ఆయన అన్న మొదటిమాట ఇది:

"కుడిమడమ ఇనపనాడా వదులయింది దొరగారూ. విప్పివ్వండి, రెండు మేకులు కొట్టి ఇస్తాను."

కెప్టెన్ అవసరం లేదన్నాడు. పిల్ల ఆ బూట్ల వైపు చూస్తూ ఉండిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. తర్వాత, వార్డెన్ లేడు కాబట్టి పలక మీద అంకె నేను వేసొస్తానని బల్ల మీది పసుపు సుద్ద తీసుకుంది. తల్లి వద్దనేలోపే మెట్లెక్కి, వేసి, గబగబా దిగొచ్చి, తలుపు మూసి అడ్డగడియ వేసింది. పుస్తకంలో రాసుకుంది, పది ముప్పై మూడు.

ఇక ఎవరూ కదలడానికి లేదు. పొడుగు సైరన్ దాకా ఏడడుగుల గదిలో నేను, కెప్టెన్, తాత, కోడలు, పిల్ల. ఒక కిరోసిన్ దీపం. అల్మారా అరల్లో మనుషుల్లేని పాదాలు.

కెప్టెన్‌కి ముప్పై రెండో ముప్పై మూడో ఉంటాయి. నా కంటే పద్దెనిమిదేళ్ళు చిన్న. నన్ను నువ్వు అంటాడు. కేసు తేలిపోయింది కదా, ఇంకా ఇక్కడ ఏం వాసన చూస్తున్నావన్నాడు. దెబ్బ ఎదురునుంచి పడిందని, సుత్తిది కాదని, తలుపుకి శవం ఆనుకుని ఉందని చెప్పాను. విని నవ్వాడు.

"నువ్వు చదివింది ఎంతవరకు?"

"అయిదో క్లాసు."

"తెలుస్తోంది."

"అయిదు దాకా లెక్కపెట్టడం నేర్పారండీ. ఇంతవరకు దాంతోనే నెట్టుకొస్తున్నాను."

ఆయనకి ముసలాయన మీద ధ్యాస లేదని నాకు అప్పుడు తెలిసింది. ఉరికి తీసుకుపోయే మనిషిని ఒకసారైనా చూడాలి కదా. ఆయన చూపంతా అల్మారా మీదే ఉంది. లేచి, చేతికర్రతో చెక్కపాదాల మధ్య గోడని తట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట చప్పుడు మారింది. కోడలు చేతిలో సూది విరిగింది. ఆ చిన్న శబ్దం గదిలో అందరికీ వినిపించింది.

కెప్టెన్ ఈ అల్మారా తీయించాలన్నాడు. నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. ఊళ్ళో ఇల్లు పగలగొట్టాలంటే కారణం కాగితం మీద ఉండాలి, ఇద్దరు సంతకం పెట్టాలి, అందులో ఒకటి నాది. ఆ రూలు పెట్టింది వాళ్ళే. ఏం కారణం రాయమంటారని అడిగాను. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురు. వార్డెన్ పుస్తకంలో ఆర్నెల్లుగా రోజూ మూడే. నిన్నా మూడే.

"నిన్న మూడు కాదు" అన్నాడు కెప్టెన్. "నిన్న పలక మీద నాలుగు ఉంది. ఆ నాలుగోవాడు ఎక్కడున్నాడో చెప్పమను."

"ఎవరు చెప్పారండీ మీకు?"

"చెప్పేదేంటి? నా కళ్ళతో చూశాను. అది రాసుకో, కారణం కావాలన్నావుగా."

రాసుకున్నాను. ఆయన చెప్పినట్టే, ఒక్క మాట కూడా మార్చకుండా. రాసి, మీరు నిన్న ఎన్నింటికి వచ్చారని అడిగాను. పదకొండూ ఇరవైకి, రిపోర్టులో ఉంది కదా అన్నాడు విసుగ్గా. దానికి ముందు రాలేదా? రాలేదు. కాలు కదపలేదు బ్యారక్‌లోంచి.

"నేను పదకొండూ పదిహేనుకి వచ్చానండీ. అప్పటికే పలక తుడిచేసి ఉంది. తుడిచింది వార్డెన్. ఆయన కోటు చేతికి సుద్ద ఉంది. ఆయన పదీ నలభై ఒకటికి మెట్ల మీద నుంచి దొర్లాడు, పాప పుస్తకంలో ఉంది. ఆ నాలుగుని చూడాలంటే పదీ నలభై ఒకటికి ముందే చూసి ఉండాలి. రాసిన చెయ్యి, తుడిచిన చెయ్యి, ఇంకొక్కరు. చూసిన ఆ మూడో మనిషి ఎవరో ఇప్పుడు మీ నోటితోనే చెప్పారు."

గదిలో దీపం వత్తి చిటపటమంది. కెప్టెన్ నా వైపు చూసి, నా పుస్తకం వైపు చూసి, చేతికర్రని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఆయన తొందర కాస్తా పోయింది. అది చూసి నాకు భయం మొదలైంది.

తాత అప్పుడు మాట్లాడాడు, తలెత్తకుండా. కొడుకు పటాలంలో బూట్లు బాగుచేసేవాడట. మంచులో కుర్రాళ్ళ వేళ్ళు కుళ్ళి ఊడిపోతుంటే ఒక కొత్త బూటు కోసి చూశాడట. అరికాలు తోలు కాదు, నొక్కి పైన రంగు వేసిన అట్ట. ప్రతి జత లోపలా సరుకు బాగుందని ఖాయం చేసిన అధికారి ముద్ర. ఆ సంగతీ, ముద్రలో ఉన్న పేరూ ఇంటికి ఉత్తరం రాశాడు. పది రోజులకి చావు కాగితం వచ్చింది.

"అట్ట మీది ముద్రలో పేరూ, ఆ చావు కాగితం కింద సంతకమూ ఒక్కరివే" అన్నాడు తాత. "పేరు చదివాను గానీ మనిషిని చూడలేదు. నిన్న మీరు పైన గోడకున్న కాగితం ముందు నిలబడి మీ సంతకం చూసుకున్నారే, అప్పుడు పోల్చుకున్నాను."

కెప్టెన్ కాదనలేదు. కాదనే అవసరం తీరిపోయినట్టుంది ఆయనకి. పలక మీద నాలుగు చూసి దిగబోతే ఆ వార్డెన్ ముసలాడు దారికి అడ్డం నిలబడ్డాడు, ఈల నోట్లో పెట్టుకున్నాడు, నేనేం చేసేది అన్నాడు. ఎవరో తన కాలు తొక్కారని చెప్పినట్టు. అంటూనే పిస్తోలు బయటికి తీశాడు. దాని పిడి అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంది.

నా పిస్తోలు స్టేషన్లో ఉంది. యుద్ధం మొదలయ్యాక మా వాటిని సైన్యానికి ఇచ్చేశాం.

అప్పుడే పడింది. చప్పుడు వినలేదు నేను. ముందు నేల పైకి లేచింది, తర్వాత దీపం లేదు, తర్వాత చెవుల్లో హోరు. మెట్ల వైపు ఏదో బరువైనది చాలాసేపు కూలుతూనే ఉంది. నా వీపు మీద చెక్కపాదాలు వానలా పడ్డాయి. అల్మారా ముందుకి ఒరిగిపోయింది.

హోరు తగ్గాక కెప్టెన్ అగ్గిపుల్ల గీశాడు. తలుపు ఉండాల్సిన చోట ఇటుకలు, రాళ్ళు, మధ్యలో విరిగిన దూలం. మెట్లు లేవు. కోడలు పిల్లని కడుపులోకి అదుముకుని గోడకి ఆనుకుని ఉంది. తాత బల్ల కింద ఉన్నాడు, కదులుతున్నాడు. పుల్ల ఆరింది.

"పాపా" అన్నాడు కెప్టెన్ చీకట్లోంచి. గొంతు మామూలుగానే ఉంది. "పలక మీద ఎంత వేశావు?"

"అయిదు."

ఆయన పైకే లెక్కపెట్టాడు. ముసలాడు ఒకటి, కోడలు రెండు, నువ్వు మూడు, ఈ పోలీసాయన నాలుగు, నేను అయిదు. సరిపోయింది, తవ్వుతారు అన్నాడు. నిజమే, అయిదు సరిపోయింది. ఒక్క క్షణం నేను కూడా ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు దగ్గు వినిపించింది. కూలిన అల్మారా వెనకనుంచి. ఎంత ఆపుకున్నాడో పాపం. పదకొండు నెలలు చప్పుడు చేయకుండా బతికినవాడు. ఇటుకదుమ్ము గొంతులోకి పోతే ఎవరైనా ఎంతసేపు ఆపగలరు? మళ్ళీ దగ్గాడు.

"లోపల నాన్న ఉన్నాడండీ" అంది పిల్ల.  "నాన్నతో అయిదు. మిమ్మల్ని వేయలేదు."

చీకట్లో నోటుపుస్తకం కాగితాలు కదిలిన చప్పుడు.

"నిన్న తలుపు సందులోంచి విన్నాను. టక్, టిక్. అదే రాసుకున్నాను. భయమేసి కొట్టేశాను. ఇవాళ మీరు దిగుతుంటే మళ్ళీ విన్నాను."

చిరిగేంత గట్టిగా కొట్టేసిన ఆ వరస. నేను తొందరపెట్టని ఆ ప్రశ్న.

ఎక్కడో చాలా పైన, ఇనుము రాయికి తగిలిన చప్పుడు వినిపించింది. ఒక్కసారి. మళ్ళీ ఒకసారి. తవ్వడం మొదలుపెట్టారు. అయిదుగుర్ని తీస్తారు, తట్టలు సర్దుకుని ఇంకో ఇంటికి పోతారు. కెప్టెన్ కూడా ఆ చప్పుడు విన్నాడు. ఆయన చదువు నాకంటే ఎక్కువ, లెక్క నాకంటే ముందే కట్టాడు. ఒకణ్ణి తగ్గిస్తే తను అయిదోవాడవుతాడు. ఎవరిని తగ్గించాలో ఆలోచించక్కర్లేదు. కాగితం మీద ఎప్పుడో పోయినవాడు ఒకడు ఉన్నాడు, అద్దం కట్టి పైన గోడకి ఉంది, కింద తన సంతకమే. ఆ తర్వాత మిగతా మాకు నోరు లేకుండా చేయడానికి మిలిటరీ కోర్టు ఉంది.

"చనిపోయినవాళ్ళని లెక్కలో వేయకూడదమ్మా" అన్నాడు. పిస్తోలు గుర్రం వెనక్కి లాగిన చప్పుడు వినిపించింది.

కోడలు ఏడవలేదు. పిల్ల నోటి మీద చెయ్యి వేసినట్టుంది, ఊపిరి చప్పుడు ఆగిపోయింది. అల్మారా వెనక దగ్గు కూడా ఆగింది. తాత నా మోకాలి దగ్గరికి పాక్కుంటూ వచ్చాడు.  నా చెయ్యి వెతికి పట్టుకుని, వేళ్ళు విప్పి, అందులో సుత్తి పెట్టి మళ్ళీ మూశాడు. చేసిన పని గిరాకీకి అందించినంత నెమ్మదిగా.

చీకటి ఎంత చిక్కగా ఉందంటే నా చెయ్యి నాకు కనిపించడం లేదు. ఆయనకీ మేం కనిపించం. కాకపోతే గురి చూసుకోవాలంటే ఆయన అల్మారా దాకా వెళ్ళాలి. వెళ్ళాలంటే నా పక్కనుంచే దారి.

మొదటి అడుగు వేశాడు.

టక్.

నేను సుత్తి ఎత్తి, రెండో చప్పుడు కోసం ఆగాను.